మీ ప్రొటీన్ మా ల్యాబ్ దాకా రావాలంటే

పరిశోధన చేసే పిల్లలు ఏడాదికి ఒకరిద్దరైనా ల్యాప్‌టాప్ పట్టుకుని మా బయోకెమిస్ట్రీ ల్యాబ్‌కి వస్తుంటారు. "మేడమ్, క్యాన్సర్ పేషెంట్లలో ఈ ప్రొటీన్ మూడింతలుంది, టెస్టుగా పెట్టేద్దాం" అంటారు. ముందు టీ తెప్పిస్తాను. తర్వాత అడిగేది ఒకటే: ఆ రిజల్ట్ చూసి డాక్టరు ఏం చేస్తారు?

జవాబు ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకేదీ మొదలుపెట్టొద్దు. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేపర్ వచ్చింది. రక్తంలోని ప్రొటీన్ల తీరు చూసి అండాశయ క్యాన్సర్ ఉన్న 50 మందిలో 50 మందినీ పట్టుకున్నారు. క్యాన్సర్ లేని 66 మందిలో 63 మందికి లేదనే చెప్పారు. బ్రహ్మాండంగా ఉంది కదా! ఇప్పుడు లెక్క కట్టండి. లక్షమంది ఆడవాళ్లకు టెస్టు చేశామనుకోండి, అందులో జబ్బున్నవాళ్లు 40 మంది అనుకుందాం. 40 మందీ దొరుకుతారు. వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని నాలుగున్నర వేలమంది చేతిలోనూ 'పాజిటివ్' కాగితం పడుతుంది. ఆ టెన్షన్‌కి ఎవరు జవాబు చెప్తారు? పైగా ఆ డేటాను మళ్లీ తవ్విన గణాంక నిపుణులు, కొన్ని తేడాలు జబ్బువి కావని, శాంపిళ్లను మెషీన్‌లో నడిపిన తీరువల్ల వచ్చి ఉండొచ్చని చూపించారు.

2009లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఓవా1 టెస్టు చాలా చిన్న ప్రశ్న పెట్టుకుంది. కణితి ఉందని తెలుసు, ఆపరేషన్ ఖాయం, మరి క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలా? అందులో ఉన్నవి ఐదు పాత ప్రొటీన్లే: సీఏ-125, ట్రాన్స్‌ఫెరిన్, ట్రాన్స్‌థైరెటిన్, అపోలైపోప్రొటీన్ ఎ1, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. పరిశోధన అణువుల్ని బరువునిబట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో మొదలైనా, టెస్టుగా వచ్చేసరికి అన్నీ యాంటీబాడీలతో (ఫలానా ప్రొటీన్‌నే వెతికి పట్టుకునే అణువులు) కొలిచేవే అయ్యాయి.

ప్రశ్న కుదిరాక ట్యూబు దగ్గరికి రండి. నేను చూసినంతలో ఎక్కువ ప్రొటీన్లు చచ్చేది ఇక్కడే. ఒకబ్బాయి శాంపిళ్ల రిజిస్టరు తిరగేస్తే, పేషెంట్ల రక్తం ఆపరేషన్ థియేటర్‌లో తీసినది, సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఆరోగ్యవంతుల రక్తం వాళ్ల కాలేజీ స్టాఫ్‌ది, అరగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాల్ని వేరుచేసేశారు. నా చెయ్యి చాపి ఆరు ఎర్రమూత (రక్తాన్ని గడ్డకట్టనిచ్చే) ట్యూబుల్లో రక్తం తీయించాను. ఒకటి అరగంటకి, చివరిది ఐదు గంటలకి తిప్పాం. ఆ ఆఖరి ట్యూబు ప్రకారం నాకూ క్యాన్సరే! ఆ ప్రొటీన్ కణితిది కాదు, ట్యూబు ఆగినకొద్దీ రక్తంలోని ప్లేట్‌లెట్లలోంచి కారుతోంది. ఆ అబ్బాయి టీ కూడా పూర్తిచేయలేదు. మీరూ ఈ పరీక్ష మొదటి వారంలోనే చేసేయండి. ఎర్రమూత, ఊదామూత (గడ్డకట్టనివ్వని మందున్న) ట్యూబులు పక్కపక్కన పెట్టి, ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టడం రెండుమూడుసార్లు చేసి, కాస్త హిమోలైజ్ అయిన (ఎర్రకణాలు పగిలిన) శాంపిల్ కూడా నడిపి చూడండి.

తర్వాత కొలిచే పద్ధతి. మంచి యాంటీబాడీ జత దొరికితే ఎలైజా తరహాలో వెళ్లండి, అంటే ఒక యాంటీబాడీ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, రెండోది ఎంతుందో చూపిస్తుంది. పేషెంటు ఒంట్లోనే ఆ ప్రొటీన్ మీద యాంటీబాడీలుంటే ఆ దారి మోసం చేస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్‌లో చూసే థైరోగ్లోబ్యులిన్‌కి వచ్చిన చిక్కు అదే. అందుకే కొన్ని ల్యాబులు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ప్రొటీన్‌ని, అడ్డొచ్చే యాంటీబాడీలనీ కలిపి ముక్కలు చేసి, ఒక పెప్టైడ్ ముక్కని మాస్ స్పెక్‌లో కొలుస్తాయి.

ఇక టెస్టు నిలకడ చూడాలి. రెండు స్థాయుల కంట్రోల్స్ (ప్రొటీన్ ఎంతుందో ముందే తెలిసిన శాంపిళ్లు) తీసుకోండి. ఒక్కోదాన్ని 20 రోజులు, రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండేసి రీడింగులు, మొత్తం 80. విసుగొస్తుంది, అయినా మానొద్దు. రోజువారీ తేడా పేషెంటుకీ ఆరోగ్యవంతుడికీ మధ్య తేడా అంత ఉంటే మీ దగ్గర టెస్టు లేనట్టే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ల రక్తం కూడా చూడండి. బయోటిన్-స్ట్రెప్టావిడిన్ (ఒకదానికొకటి గట్టిగా అతుక్కునే జత) మీద నడిచే కిట్లలో అది అంకెల్ని తారుమారు చేస్తుంది. రిఫరెన్స్ రేంజ్‌కి (ఆరోగ్యవంతుల్లో మామూలుగా ఉండే హద్దులు) కనీసం 120 మంది ఆరోగ్యవంతులు కావాలి. ఆడా మగా తేడా ఉంటే ఒక్కో గుంపుకీ 120.

టెస్టు మొదలయ్యాక, రీఏజెంట్ (టెస్టులో వాడే రసాయనం) కొత్త లాట్, అంటే కొత్త విడత సరుకు, వచ్చినప్పుడల్లా పాతదానితో కలిపి పేషెంట్ శాంపిళ్లు నడపండి. అందుకని పాత లాట్ డబ్బా ఒకటి దాచాలి. ఫ్రిజ్‌లో చోటు లేదని టెక్నీషియన్లు సణుగుతారు. సణగనివ్వండి.