కొలంబస్ ఎక్కబోతున్నారా? ఏ సీటో ముందే తేల్చుకోండి

ఎగ్జిబిషన్‌లో ఓడలా ఉండి అటూ ఇటూ ఊగే కొలంబస్ దగ్గర అందరూ చేసేది ఒకటే. టికెట్ కొంటారు, గేటు తియ్యగానే పరుగెత్తుతారు, ఖాళీ కనపడ్డ చోట కూలబడతారు. నిజానికి ఆ ఓడలో ఆటంతా సీటులోనే ఉంది. మధ్యలో కూర్చుంటే హాయిగా ఊగి దిగిపోవచ్చు, చివరి వరసలో కూర్చుంటే దేవుళ్ళందరి పేర్లూ గుర్తొస్తాయి.

ఎందుకో కాస్త చెప్తాను. భయమైనా మజా అయినా స్పీడు వల్ల అనుకుంటాం గానీ, అసలు సంగతంతా పైకి వెళ్ళి వెనక్కి తిరిగే ఆ కాసేపట్లో ఉంది. కొలంబస్ కూడా ఓ పెద్ద ఉయ్యాలే. తాడు 2 మీటర్లుండే మామూలు ఉయ్యాల ఒకసారి వెళ్ళి రావడానికి 3 సెకన్లు కూడా పట్టదు, అదే 12 మీటర్ల పొడవుంటే దాదాపు 7 సెకన్లు. అంటే పైన ఒళ్ళు తేలికైపోయి కడుపులో ఏదో జారినట్టుండే ఆ క్షణం రెట్టింపుకు పైగా సాగుతుంది. అట్లతద్దికి ఎత్తైన కొమ్మ వెతికి మరీ ఉయ్యాల వేసేది ఊరికే కాదు. కింద మాత్రం చిన్నదానికీ పెద్దదానికీ తేడా లేదు. నిలువు నుంచి 60 డిగ్రీలు పక్కకు లేపి వదిలితే ఏ ఉయ్యాలైనా అడుగుకొచ్చేసరికి 50 కిలోల మనిషికి 100 కిలోలున్నట్టు అనిపిస్తుంది. లావుపాటి వాళ్ళు ఎక్కితే ఎక్కువ ఊగుతుందంటారే, అది ఉత్త మాట.

సరే, సీటు సంగతి. కొలంబస్‌లో రెండు సగాలూ ఎదురెదురుగా కూర్చుంటాయి. మీ కొస పైకి లేచినప్పుడు మీ ముఖం నేల వైపు ఉంటుంది, కింద అవతలి వైపు వాళ్ళు మిమ్మల్ని చూసి కేకలు పెడుతుంటారు, మరుక్షణం ఆ వంతు వాళ్ళది. చివరి వరస మిగతా అందరికన్నా పైకి పోతుంది కాబట్టి బరువు పోయినట్టుండేది అక్కడే ఎక్కువ. మొదటిసారి ఎక్కేవాళ్ళు మధ్య నుంచి రెండో వరసలో కూర్చోండి. నచ్చితే రెండో టికెట్‌కి వెనక్కి జరగొచ్చు. ఫ్రెండ్స్ రెచ్చగొట్టారని తిన్నగా చివరికి పోయి, ఊగడం మొదలయ్యాక "అన్నా ఆపన్నా" అంటే ఆ ఆపరేటర్ రోజూ వినే మాటే కదా, నవ్వి ఊరుకుంటాడు.

ఎక్కే ముందు ఒక రౌండ్ పక్కన నిలబడి చూడండి. చాలా ఓడల కింద ఒక రబ్బరు టైరు ఉంటుంది, ఓడ దాని మీదుగా పోయినప్పుడల్లా అడుగుకు రాసుకుని ఒక నెట్టు నెడుతుంది, చివర్లో అదే టైరు రాసుకుని ఆపుతుంది కూడా. ఆపరేటర్ ప్రతి వరసకీ వచ్చి, ఒడి మీద అడ్డంగా దిగే బారు లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచి విజిల్ వేసి మొదలుపెట్టేస్తున్నాడా అన్నది గమనించండి. రెండో రకమైతే టికెట్ డబ్బులు పోయినా ఫర్లేదు, ఎక్కకండి. కూర్చున్నాక బారును మీరే ఒకసారి గట్టిగా పైకి లాగండి, కదిలితే మొహమాటపడకుండా పిలవండి. ఒకే బారు కింద పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు కలిసి కూర్చుంటే అది పెద్దవాళ్ళ తొడల దగ్గరే ఆగిపోతుంది, పిల్లల దగ్గర ఖాళీ మిగిలిపోతుంది. అలా కూర్చోబెట్టొద్దు.

చున్నీ, పైటకొంగు ముడేసి లోపలికి దోపుకోండి, జడ ముందుకు వేసుకోండి. చెప్పులు వదులుగా ఉంటే కిందే వదిలేయండి. ఫోన్ జిప్పు ఉన్న జేబులోకి పోవాలి, వీడియో తీసే పని కింద నిలబడ్డ వాళ్ళకు అప్పగించండి.

తిండి విషయంలో మొండికెయ్యకండి. నుమాయిష్‌కి వెళ్ళి హలీం తినకుండా వస్తామా అంటారు, తినండి, కానీ రైడ్లయ్యాక. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు, గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు.

ఊగుతున్నప్పుడు ఊపిరి బిగపట్టడమే అసలు తిప్పలు తెస్తుంది. కిందికి జారేటప్పుడు గట్టిగా అరవండి, అరిస్తే ఊపిరి దానంతటదే బయటికొస్తుంది, సిగ్గెందుకు, అక్కడ అందరూ అరుస్తూనే ఉంటారు. కడుపులో ఆ జారుడు తగ్గాలంటే పాదాలు నేలకు తన్ని, నడుము సీటుకు ఆనించి, పొట్ట బిగించండి. మరీ కావాలనుకుంటే ఒళ్ళు వదిలేసి చేతులు పైకెత్తండి. కళ్ళు మూసుకుంటే భయం తగ్గుతుందనుకుంటారు గానీ చెవి లోపల ఊగుతున్నట్టు తెలుస్తూ కంటికి ఏమీ కనపడకపోతే తల తిరగడం ఎక్కువవచ్చు. దూరంగా ఒక లైటో చెట్టో చూస్తూ ఉండండి.

లోలకం చివర గుండ్రటి చక్రంలా సీట్లుండి, ఊగుతూ తిరిగే రైడ్ వేరే లెక్క. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో 2018లో వచ్చిన క్రేజానిటీ తెలిసే ఉంటుంది, 172 అడుగుల ఎత్తు, గంటకు 70 మైళ్ళు. అందులో సీటు ఎంచుకుని లాభం లేదు, తిరుగుతుంది కాబట్టి అందరికీ అన్నీ వస్తాయి. కొలంబస్ చివరి వరస అలవాటయ్యాకే దాని జోలికి వెళ్ళండి.

గర్భిణులు, గుండె జబ్బు, బీపీ, వెన్నునొప్పి ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కొద్దు, ఇందులో బేరం లేదు. దిగాక కాళ్ళు వణుకుతుంటే మెట్ల మీద నిలబడకుండా పక్కకొచ్చి పది నిమిషాలు కూర్చోండి, కాసిని మంచినీళ్ళు తాగండి. వెంటనే బ్రేక్ డాన్స్ రైడ్ క్యూలోకి దూరకండి.