బీటలు వారిన పాత కారు పెయింటును పాలిష్‌తో బాగుచేయడం ఎలా?

పాలిష్ చేస్తే బీటలు మాయమవుతాయని ఎవరు చెప్పినా నమ్మవద్దు. పాలిష్ చేయడమంటే పెయింటు పైపొరను అతి పలుచగా అరగదీయడమే. బీట మాత్రం చాలాసార్లు ఆ పొరను దాటి ప్రైమర్ (రంగు కింద, రేకు మీద వేసే తొలి పూత) దాకా దిగి ఉంటుంది కనుక, దాని అడుగు కనిపించేదాకా అరగదీస్తే చివరికి మిగిలేది రేకే. అయితే బీటల నడుమ ఎండకు వెలిసిపోయిన రంగుకు మెరుపు తిరిగి తీసుకురావచ్చు. రంగు తేరుకున్నాక బీటలు కంటికి అంతగా ఆనవు. ఇంతకు మించి ఆశించేవారు పాలిష్ మానుకొని కొత్త పెయింటు వేయించుకోవాలి.

ముందుగా అది ఏ రకం పెయింటో తేల్చుకోవాలి. పెద్దగా కనిపించని చోట తెల్లని గుడ్డపై కొద్దిగా పాలిష్ వేసి రుద్దినప్పుడు కారు రంగు గుడ్డకు అంటితే అది ఒకే పొర పెయింటు. అంటకపోతే పైన క్లియర్ కోట్, అంటే రంగుపై వేసే పారదర్శకమైన పొర, ఉన్నట్టు. కారు తెల్లనిదైతే నల్లగుడ్డ వాడాలి. క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. అది పొలుసులుగా లేస్తున్నా, బీట అంచును గోటితో తాకగానే పైకి వస్తున్నా ఆ భాగంలో పాలిష్ మెషిన్ పెట్టడం వృథా ప్రయాస.

కావలసినవి షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు, మాస్కింగ్ టేపు, డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ కదిలే పాలిష్ మెషిన్), మెత్తని ఫోమ్ ప్యాడ్లు, సన్నరకం పాలిష్, ద్రవరూపంలోని వ్యాక్స్. కారును నీడలో కడగాలి. ప్రెషర్ వాషర్ ధార లేచిన అంచులను ఊడగొడుతుంది, కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు. బీటల్లో చేరిన నీరు పూర్తిగా ఆరేందుకు ఒక రోజు వదిలేయాలి.

ఇక పనిని చెడగొట్టేవారంతా చెడగొట్టేది ఈ తర్వాతి దశలోనే. బానెట్ అంచులు, డోర్ మడతలు, బాడీ గీతల మీద పెయింటు సహజంగానే పలుచగా ఉంటుంది కనుక వాటిపై టేపు అంటించాలి. తర్వాత ఒక అడుగు చదరం మేర మాత్రమే ఎంచుకొని, అందుబాటులో ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి. ముతక రబ్బింగ్ కాంపౌండ్‌తో మొదలుపెట్టడం తొందరపాటు మాత్రమే కాదు, ఉన్న కొద్దిపాటి పెయింటునూ పోగొట్టుకోవడం. సన్నరకంతో ఫలితం చాలకపోతే ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు గాని, ఒకసారి అరిగిపోయిన పొరను వెనక్కి తేలేము.

మెషిన్‌ను తక్కువ వేగంలో ఉంచి, ప్యాడ్ చదునుగా ఆనేలా, మెషిన్ బరువు తప్ప చేతి బలం పడకుండా నెమ్మదిగా నడపాలి. ప్యాడ్‌ను ఓరగా వాల్చితే దాని అంచు బీట అంచును పట్టుకొని పెచ్చును లేపుతుంది. రెండు మూడు సార్లు నడిపాక ఆపి, తుడిచి, అరచేతితో తాకి చూడాలి. రేకు వేడెక్కినట్టు తెలిస్తే చల్లారేవరకు ఆగవలసిందే. మెరుపు వచ్చాక కూడా ఇంకాస్త, ఇంకాస్త అని కొనసాగించడమే ఈ పనిలోని అసలు ప్రమాదం. క్లియర్ కోట్‌లో ఎండ దెబ్బను అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. పొర పలుచనైన కొద్దీ ఆ రక్షణ కూడా తగ్గుతుంది.

రోటరీ మెషిన్ పని త్వరగా తెములుస్తుందని వాదించేవారున్నారు. గట్టి పెయింటు మీద, అలవాటైన చేతిలో అది నిజమే. కానీ రోటరీ ప్యాడ్ ఒకేచోట తిరుగుతూ వేడిని పోగుచేస్తుంది కనుక బీటలు వారిన పెయింటుకు దాన్ని దగ్గరకు రానివ్వకూడదు. బీటలు దట్టంగా ఉన్నచోట డ్యూయల్ యాక్షన్ కూడా పక్కన పెట్టి, మెత్తని ప్యాడ్‌తో చేత్తో, బీట వెంబడే రుద్దాలి. బీటకు అడ్డంగా రుద్దకూడదు.

పాలిష్ ఎండితే బీటల్లో తెల్లగా పేరుకుపోయి అవి ఇంతకుముందు కన్నా స్పష్టంగా కనిపిస్తాయి. అందువల్ల చాలా తక్కువ పాలిష్ తీసుకొని, ఆరకముందే తుడిచి, బీటల్లో దిగినదాన్ని మెత్తని బ్రష్‌తో తీసేయాలి. థిన్నర్‌తో కడగాలన్న ఆలోచన అసలే వద్దు, అది పాత పెయింటును మెత్తబరుస్తుంది. ముందుముందు పెయింటు వేయించే ఉద్దేశం ఉంటే సిలికాన్ లేని పాలిష్, వ్యాక్స్‌లే వాడాలి. బీటల్లో మిగిలిన సిలికాన్ వల్ల కొత్త పెయింటు చిన్న చిన్న గుంటలు పడుతుంది.

చివరగా ద్రవరూప వ్యాక్స్‌ను పలుచగా పూసి, ఆరాక తుడవాలి. ముద్ద వ్యాక్స్ బీటల్లో తెల్లగా మిగిలిపోతుంది కనుక అది పనికిరాదు. బీటల గుండా నీరు రేకును చేరితే తుప్పు మొదలవుతుంది, వ్యాక్స్ దాన్ని కొంతకాలమే ఆపుతుంది. కాబట్టి రెండు మూడు నెలలకొకసారి మళ్లీ పూస్తూ, తుప్పు మరక కనిపించిన భాగానికి వెంటనే పెయింటు పని చేయించాలి.