సోమవారం అర్జీ ఇచ్చాక ఏం చేయాలి?

సోమవారం పొద్దున ఏ కలెక్టరేట్‌కైనా వెళ్లి చూడండి. జనం దగ్గర అర్జీలు తీసుకునే రోజు అది, తెలంగాణలో దాని పేరు ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్ (అంతకుముందు స్పందన, పేరు మారింది గానీ క్యూ మారలేదు). ప్రతి ఒక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, నాలుగైదు పాత అర్జీలు. ఇల్లు రాలేదు, పింఛను ఆగిపోయింది, ఆసుపత్రిలో డబ్బులు కట్టించుకున్నారు. అర్జీ ఇస్తారు, రసీదు తీసుకుంటారు, బస్సెక్కి ఇంటికెళ్తారు. నెల తిరిగేసరికి అదే మనిషి అదే క్యూలో.

అర్జీ ఇవ్వడం దండగ అనను. కానీ "అయ్యా, మేము నిరుపేదలం, దయతో మాకు ఇల్లు ఇప్పించగలరు" అని రాస్తే దానికి వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది, "పరిశీలించి తగు చర్య తీసుకోబడును" అని. ఎవరు పరిశీలిస్తారు, ఎప్పటిలోగా, ఏమీ ఉండదు. కింద సంతకం, పక్కన ముద్ర, కంప్యూటర్లో మాత్రం మన అర్జీ పరిష్కారమైపోయినట్టు చూపిస్తుంది. కాబట్టి మొదటి అర్జీ ఇచ్చింది పని అవుతుందని కాదు, ఒక నంబరు, ఒక తేదీ చేతికొస్తాయని అనుకోండి. ఆ రెండూ తర్వాత పనికొస్తాయి.

మా వెనక వీధిలో ఒక అక్కకి ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. మొత్తం 5 లక్షలు, దశలవారీగా వేస్తారు, బేస్‌మెంట్ లేపాక మొదటి లక్ష. అక్క అప్పు చేసి బేస్‌మెంట్ లేపింది, ఫోటో తీసుకెళ్లారు, నాలుగు నెలలైనా డబ్బు పడలేదు. ఆఫీసుకెళ్తే "పైనుంచి రావాలమ్మా" అంటారు. ప్రజావాణిలో మూడుసార్లు ఇచ్చింది, మూడుసార్లూ "సంబంధిత ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) పంపడమైనది" అని ఒకే ఎండార్స్‌మెంట్, అంటే అర్జీ మీద రాసిచ్చే జవాబు. అప్పుడు కూర్చుని సమాచార హక్కు దరఖాస్తు రాశాం. బతిమాలుడు లేదు, కోపం లేదు, నాలుగు ప్రశ్నలు అంతే:

"లబ్ధిదారు ఫలానా, ఐడీ నంబరు ఫలానా. బేస్‌మెంట్ ఫోటో అప్‌లోడ్ చేసిన తేదీ, చేసిన అధికారి హోదా తెలుపగలరు. ఆ బిల్లు ప్రస్తుతం ఏ అధికారి లాగిన్‌లో, ఏ తేదీ నుంచి పెండింగులో ఉందో చూపించే ప్రింటు ఇవ్వగలరు. తిరస్కరించి ఉంటే కారణం రాసిన కాగితం కాపీ ఇవ్వగలరు. ఫలానా తేదీన ఫలానా నంబరుతో ప్రజావాణిలో ఇచ్చిన అర్జీపై నడిచిన ఫైలు కాపీ ఇవ్వగలరు."

ఎంపీడీఓ ఆఫీసులో ఇస్తే వాళ్లు హౌసింగ్ వాళ్లకి పంపారు. 26వ రోజున జవాబు. బిల్లు ఎప్పుడో తయారైంది, బ్యాంకు ఖాతాలో పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉందని వెనక్కి వచ్చేసింది. ఒక్క అక్షరం. ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే అక్కకి నాలుగు నెలల వడ్డీ మిగిలేది.

ఆ ప్రశ్నల్లో "ఎందుకు ఇవ్వలేదు" అన్నది ఎక్కడా లేదు, గమనించారా? సమాచార హక్కు చట్టం కింద మనకి దక్కేది రికార్డులో ఉన్న సమాచారం. ఎందుకు అని అడిగితే "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు" అని ఒక్క లైనుతో తోసేస్తారు. తేదీ అడగండి, హోదా అడగండి, కాపీ అడగండి. ఊళ్లో మిగతావాళ్ల ఆధార్, ఖాతా వివరాలు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిరస్కరిస్తారు, ఆ సాకు వాళ్లకి మనమే అందించకూడదు.

ఇక రూల్సు. 2005 నాటి చట్టం ఇది. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు, రాయడం రానివాళ్లకి రాసిపెట్టాల్సిన బాధ్యత కూడా ఆ ఆఫీసులో దరఖాస్తులు చూసే సమాచార అధికారిదే (ఈ మాట ఆఫీసులో అంటే కొత్తగా విన్నట్టు మొహం పెడతారు, ఫర్వాలేదు, అనండి). మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లయితే కార్డు జిరాక్సు జతచేస్తే చాలు, అసలు ఫీజే ఉండదు. ఏ ఆఫీసుకి ఇవ్వాలో తెలియకపోయినా టెన్షన్ వద్దు, తమది కాకపోతే 5 రోజుల్లోగా సరైన ఆఫీసుకి వాళ్లే పంపాలి. జవాబు 30 రోజుల్లో రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించినదైతే 48 గంటల్లో.

చేతికిస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కదలకండి. "వదిలేసి వెళ్లండి, వేసి పెడతాం" అంటే కూర్చోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు రసీదు కాగితానికి పిన్ను కొట్టుకోండి, పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో దాంట్లోనే కలిసిపోయింది.

30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కమిషన్ అనుకుంటే ఆ అధికారికి రోజుకి 250 రూపాయల లెక్కన 25,000 దాకా జరిమానా వేయగలదు. నిజం చెప్పాలంటే కమిషన్ దాకా వెళ్తే చాలా రోజులు పడుతుంది, ఓపిక కావాలి. నా అనుభవంలో మొదటి అప్పీలు పెట్టగానే చాలా పనులు కదులుతాయి, ఎందుకంటే అప్పుడే పై సారు కంట్లో పడుతుంది.

ఆసుపత్రి సంగతి వేరు, అక్కడ 30 రోజులు ఆగేంత టైము మనకి ఉండదు. ఆరోగ్యశ్రీ కింద చేర్చుకుని డబ్బులు అడిగితే అక్కడికక్కడే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రని పట్టుకోండి, 104కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. అప్పటికే కట్టేశారా, బిల్లు తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసిచ్చినా సరే దాన్ని పారేయకండి, దాని మీదున్న చేతిరాతే రేపు సాక్ష్యం. డిశ్చార్జి కాగితం లేకుండా బయటికి రావద్దు.

ఇక ఊళ్లో పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకి ఒకటి, గిరిజన ప్రాంతంలో 20,000కి ఒకటి ఉండాలన్నది లెక్క. డాక్టరు రాడు, మందులు లేవు అని అందరం అంటాం, కానీ అరుగు మీద అనుకుంటే ఎవరికి పట్టింది? మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, పోయిన నెల హాజరు వివరాలు, మందుల స్టాకు రిజిస్టర్‌లో ఆ నెల పేజీలు అడగండి. కాపీలు అక్కర్లేదు, వచ్చి చూసుకుంటాం అని కూడా అడగొచ్చు, రికార్డు తనిఖీ చేసే హక్కు ఆ చట్టంలోనే ఉంది, మొదటి గంటకి ఫీజు లేదు. ఇద్దరు వెళ్లండి, ఒకరు చదవాలి, ఒకరు రాసుకోవాలి. పారాసిటమాల్ స్టాకు వందల్లో ఉందని రిజిస్టర్ చెబుతున్న రోజునే మీ అమ్మకి బయట కొనుక్కోమని చీటీ రాసిచ్చారనుకోండి, ఆ చీటీ, ఆ పేజీ పక్కపక్కన పెట్టి డీఎంహెచ్‌ఓకి (జిల్లా వైద్యాధికారికి) ఒక కాగితం రాయండి. ఆ రెండింటికీ తగు చర్య తీసుకోబడును అని రాయడం కష్టం.

రేషన్ తక్కువ తూచితే 1967. ఫోన్‌తో పాటు ఆ నెల స్లిప్పు దాచుకోండి.

ఒక్కరి సమస్య కాదు, ఊరందరిదీ అనిపిస్తే గ్రామసభలో పెట్టండి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరపాలి. జరగకపోతే తీర్మానాల పుస్తకం కాపీ అడగండి, జరగని సభకి సంతకాలు ఎలా వచ్చాయో చూడటం భలే సరదాగా ఉంటుంది. సభలో గట్టిగా అరవడం కన్నా "ఇది మినిట్స్‌లో రాయండి, రాసింది చదివి వినిపించండి" అనడమే బాగా పనిచేస్తుంది.

ఈ విద్య మనకి కొత్తేం కాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు దేశంలో అందరికన్నా ముందు పెద్ద ఎత్తున నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2006లో. ఊరి కుర్రాళ్లే మస్టర్ కాగితాలు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇక్కడ మీ పేరు మీద ఇన్ని రోజులు పని రాశారు, చేశారా?" అని అడిగేవారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూడా కూలి డ్రా అయిందని అలాగే బయటపడింది. తర్వాత మండల కేంద్రంలో అందరి ముందూ మైకులో చదివేవారు. ఇళ్ల జాబితాకైనా, పింఛన్ల జాబితాకైనా అదే పద్ధతి, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన జాబితా ఫోటో తీసుకుని వీధివీధి తిరగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పక్కా ఇల్లున్నవాళ్ల పేరు కనబడితే ఆవేశపడి ఫేస్‌బుక్‌లో పెట్టకండి, ముందు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. పెద్దవాళ్ల పేర్లు వచ్చే విషయమైతే ఒక్కరే సంతకం పెట్టొద్దు, పదిమంది పెట్టండి, అప్పుడు ఎవరింటికి వచ్చి బెదిరించాలో వాళ్లకీ తేలదు.

ఇదంతా దాటినా కదలకపోతే లాయరు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ 15100. అక్కడికి వెళ్లేటప్పుడు మీ కథ చెప్పడానికి కాదు, కవరు తీసుకుని వెళ్లండి. మా అక్క కవర్లో కాగితాలు తేదీల వరసలో ఉన్నాయి, పైన ఒక పేజీ మీద ఎవరికి ఏ రోజు ఇచ్చిందీ, ఏ నంబరు పడిందీ, ఏం జవాబొచ్చిందీ ఆమె కూతురు తొమ్మిదో తరగతి నోట్సులా గీతలు కొట్టి రాసిపెట్టింది. రెండో దశ బిల్లుకి ఆఫీసుకెళ్లినప్పుడు ఆ పేజీ టేబుల్ మీద పెట్టిందట, ఈసారి "పైనుంచి రావాలమ్మా" అనలేదు, కుర్చీ చూపించారు.