కామెడీ రాద్దాం, నాలుగో పాఠం: పాత జోకుతోనే ఏడిపించడం

పోయిన పాఠంలో రన్నింగ్ గ్యాగ్ గురించి చెప్పుకున్నాం. ఒకే జోకు మళ్ళీ మళ్ళీ రావాలి, వచ్చిన ప్రతిసారీ సందర్భం మారాలి, దాని రూలు మాత్రం మారకూడదు అన్నాను. మీకు నచ్చిన కామెడీ సిరీస్ ఏదైనా తీసుకుని, అందులో ఒక గ్యాగ్ రూలుని ఒక్క వాక్యంలో రాయమని పని కూడా ఇచ్చాను. రాసి ఉంటే ఆ కాగితం పక్కన పెట్టుకోండి, చివర్లో కావాలి. రాయకపోతే ముందు ఆ పని చూసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి సంగతి కొంచెం కష్టం. నవ్వించడానికి పెట్టిన గ్యాగ్‌తోనే ఏడిపించాలి.

కామెడీ రాసే మనలో చాలామందికి ఒక అలవాటు ఉంది. ఫస్టాఫ్ అంతా నవ్వించి, సెకండాఫ్‌లో సెంటిమెంట్ కావాలనగానే ఓ జబ్బునో, యాక్సిడెంట్‌నో, చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్‌నో బయటి నుంచి పట్టుకొస్తాం. నవ్వించిన సామాను ఒకటి, ఏడిపించే సామాను ఇంకొకటి. అందుకే రీరికార్డింగ్‌లో వయొలిన్ మొదలవగానే థియేటర్‌లో ఫోన్లు వెలుగుతాయి. కొత్త సామాను తేకుండా, ఇంతసేపూ నవ్వించిన ఆ వెర్రి వస్తువు చేతే బరువు మోయించవచ్చు. ఎలాగో చూద్దాం.

దీనికి నేను ఎంచుకున్న ఉదాహరణ షిన్‌చాన్. నవ్వకండి.

హంగామా టీవీ పుణ్యమా అని మన ఇళ్ళలో అందరికీ తెలిసిన పిల్లాడే. ఐదేళ్ళ వాడు, పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడతాడు, ప్యాంటు దించి డాన్స్ చేస్తాడు, అందమైన అమ్మాయి కనిపిస్తే వెంటపడతాడు. "ఆ దిక్కుమాలిన బొమ్మలు కట్టెయ్" అని ఎంతమంది తల్లులు రిమోట్ లాక్కున్నారో! చూస్తే అందులో ఏ లోతూ ఉన్నట్టు కనిపించదు. కానీ జపాన్ కార్టూనిస్టు యోషితో ఉసుయి 1990లో ఈ కామిక్ మొదలుపెట్టింది పెద్దవాళ్ళు చదువుకునే వారపత్రికలో. అందుకే పిల్లాడి అల్లరి వెనకాల ఎప్పుడూ ఒక సంసారం నడుస్తూ ఉంటుంది. తండ్రి హిరోషికి ముప్పై అయిదేళ్ళు, టోక్యోలో ఆఫీసు, ఇంకా ముప్పై రెండేళ్ళు కట్టాల్సిన ఇంటి లోను. తల్లి మిసాయెకి ఇంటి ఖర్చులు, బరువు తగ్గాలన్న బెంగ, మొగుడి జీతం మీద సణుగుడు. ఇవన్నీ జోకులుగానే వస్తాయి. 1992లో టీవీ సిరీస్ మొదలయ్యాక కూడా అంతే.

వాటిలో ఒకటి హిరోషి పాదాల కంపు. ఇదే మన గ్యాగ్. దీని రూలు ఒక్క వాక్యంలో రాస్తే: హిరోషి కాలి వాసన ముక్కుకి తగిలితే ఎంతటివాడైనా తట్టుకోలేడు. అంతే, ఇంకేం లేదు. ఇంతకంటే చిల్లర జోకు ఉండదు.

ఇప్పుడు 2001లో వచ్చిన షిన్‌చాన్ సినిమాకి వద్దాం. థియేటర్ సినిమాల్లో అది తొమ్మిదోది, రాసి తీసినవాడు కెయిచి హారా. పేరుని తెలుగులో చెప్పుకుంటే 'పెద్దల సామ్రాజ్యం ఎదురుదాడి' అనుకోవచ్చు. కథ క్లుప్తంగా: షిన్‌చాన్ వాళ్ళ ఊరు కసుకాబే దగ్గర '20వ శతాబ్దపు ఎగ్జిబిషన్' ఒకటి వెలుస్తుంది. పెద్దవాళ్ళంతా వెళ్ళి తమ చిన్ననాటి పాటలు, బొమ్మలు, టీవీ హీరోల మధ్య మైమరచిపోతుంటారు. దాని వెనక ఉన్నది కెన్, చాకో అనే జంట. ఇరవై ఒకటో శతాబ్దం వీళ్ళకి వద్దు. పాత రోజుల వాసన ఒకటి తయారుచేసి, దానితో పెద్దలందర్నీ మళ్ళీ పిల్లల్ని చేసి, కాలాన్ని అక్కడే ఆపేయాలని ప్లాను. ఒక పొద్దున ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఇళ్ళూ పిల్లలూ వదిలేసి లారీలెక్కి వెళ్ళిపోతారు. మిగిలిన పిల్లలు కిండర్‌గార్టెన్ బస్సు తామే నడుపుకుంటూ తప్పించుకునే ఛేజింగ్ ఒకటుంది. సరదాగానే ఉంటుంది గానీ కొంచెం సాగదీశారని నా అభిప్రాయం. దాన్ని వదిలేద్దాం.

విలన్ ఆయుధం ఏమిటో గమనించారా? వాసన. ఇక్కడే రచయిత తెలివి కనిపిస్తుంది. తన దగ్గరున్న పాత గ్యాగ్ ఏమిటో చూసుకుని, దానికి సరిజోడైన విలన్‌ని అల్లుకున్నట్టుంది. ఈ పని తిరగేసి చేస్తే, అంటే ముందు విలన్‌ని అనుకుని తర్వాత గ్యాగ్ ఇరికిస్తే, అతుకు కనిపిస్తుంది.

షిన్‌చాన్ తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళేసరికి హిరోషి చిన్నపిల్లాడై 1970 ఒసాకా ఎక్స్‌పోలో ఉంటాడు. అది నిజంగా జరిగిన ప్రదర్శన. ఆ ఏడు మార్చి నుంచి సెప్టెంబరు దాకా 6 కోట్ల 40 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. అమెరికా పెవిలియన్‌లో చంద్రుడి మీద నుంచి తెచ్చిన రాయి పెట్టారు, దానికోసం గంటల తరబడి క్యూ. చిన్న హిరోషి ఆ రాయి చూడాలని మారాం చేస్తుంటాడు. 2001లో ముప్పై అయిదేళ్ళవాడు 1970లో నాలుగేళ్ళ వాడవుతాడు కాబట్టి లెక్క కూడా సరిపోయింది. ఆ రోజు థియేటర్‌కి పిల్లల్ని తీసుకొచ్చిన ఎందరో తండ్రులది అదే వయసు.

షిన్‌చాన్ ఏం చేస్తాడు? ఉపన్యాసం ఇవ్వడు. "నాన్నా, నేను నీ కొడుకుని" అని ఏడవడు. తండ్రి బూటు తీసి తండ్రి ముక్కు దగ్గరే పెడతాడు.

ఇక్కడిదాకా ఇది పక్కా జోకు. థియేటర్ నవ్వుతుంది. రూలు ప్రకారమే కంపు కొడుతుంది, రూలు ప్రకారమే అతను తట్టుకోలేడు. ఆ కంపుకి విలన్ వాసన మత్తు వదిలి, తన అసలు జీవితం గుర్తొస్తుంది. ఆ తర్వాత కొన్ని నిమిషాల పాటు ఒక్క డైలాగ్ ఉండదు, సంగీతం ఒక్కటే. నాన్న సైకిల్ వెనకాల కూర్చున్న పిల్లాడు. కాస్త ఎదిగిన కుర్రాడు. విరిగిపోయిన ఒక ప్రేమ. ఊరొదిలి నగరానికి రావడం. ఆఫీసులో కొత్త ఉద్యోగం, తలవంచి దండాలు. మిసాయె. చేతుల్లో పుట్టిన బిడ్డ. మండుటెండలో చెమట తుడుచుకుంటూ కంపెనీ పని మీద తిరగడం. రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరడం. మళ్ళీ సైకిల్, ఈసారి తొక్కుతున్నది తనే, తోడుగా తన కుటుంబం.

అయ్యాక షిన్‌చాన్ అడుగుతాడు, నేనెవరో తెలిసిందా నాన్నా అని. హిరోషి వాణ్ణి పట్టుకుని ఏడుస్తూ ఆఁ, ఆఁ అంటాడు. సీను అయిపోయింది.

ఇప్పుడు పెన్ను పట్టుకుని ఆలోచిద్దాం. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో గొప్ప సంఘటన ఒక్కటైనా ఉందా? ఎవరూ చావలేదు. త్యాగాలు లేవు. సగటు ఉద్యోగి జీవితం, మన పక్కింటాయనది కూడా ఇంతే. మరి గొంతు ఎందుకు పట్టేస్తుంది?

నాకు తోచింది చెప్తాను. పాదాల కంపు మీద తొమ్మిదేళ్ళు నవ్వాం. ఆ కంపు ఎందుకొస్తోందని ఒక్కసారీ అడగలేదు. జోకు కదా, కారణం ఎవడికి కావాలి? ఈ సీను ఆ కారణాన్ని చూపిస్తుంది. ఎండలో తిరిగాడు కాబట్టి, రోజంతా ఆ బూట్లు విప్పలేదు కాబట్టి, ఇంటి లోను కట్టాలి కాబట్టి. సినిమాలో ఎవరూ ఈ మాట అనరు. షిన్‌చాన్‌కి అసలే తెలియదు. వాడికి అది కంపు, పని చేసే కంపు, అంతవరకే. ప్రేక్షకుడు ఒక్కడే రెండూ కలుపుకుంటాడు. తనే కలుపుకున్నాడు కాబట్టి తన నాన్న చెప్పులు కూడా గుర్తొస్తాయి.

నా పాఠమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది: నడుస్తున్న ప్రతి గ్యాగ్ వెనక ఎవరూ అడగని కారణం ఒకటి ఉంటుంది. దాన్ని కనుక్కోండి. ఒకే ఒక్కసారి చూపించండి, నోటితో చెప్పకండి.

ఇందులోనే ఇంకో చిన్న కిటుకు ఉంది. మిసాయె కూడా అదే బూటు వాసనతో తేరుకుంటుంది, కానీ ఆమెకి అంత పొడుగు ఫ్లాష్‌బ్యాక్ పెట్టలేదు. రెండోసారి పెడితే మొదటిది చచ్చేది. మనమైతే "అమ్మకి కూడా ఉండాలి కదండీ" అని ఇంకో పాట పెట్టేసేవాళ్ళం.

క్లైమాక్స్‌లో కెన్, చాకోలని ఆపడానికి షిన్‌చాన్ వాళ్ళ టవర్ మెట్ల మీద పరుగెత్తి, పడి, ముక్కులోంచి రక్తం కారుతున్నా లేచి పైకి ఎక్కుతాడు. చివరికి కెన్ అడుగుతాడు, భవిష్యత్తు కోసం ఎందుకింత పాకులాడుతున్నావని. వాడి జవాబు సారాంశం ఇది: కొట్టుకున్నా, కోపాలొచ్చినా ఇంట్లోవాళ్ళతో కలిసే ఉండాలని. ఇంకా, పెద్దవాణ్ణి అవ్వాలని. ఎందుకూ? పెద్దయితే ఈ అక్కలాంటి అందమైన అక్కలతో బోలెడంత తిరగొచ్చని.

చాకో ఎదురుగా నిలబడి ఉండగా అంటాడు ఆ మాట. ఇది వాడి ఇంకో పాత గ్యాగ్, అమ్మాయిల వెంటపడటం. రూలు మారలేదు, వాడు మంచి పిల్లాడైపోలేదు. అయినా కాలాన్ని ఆపేయాలనుకున్నవాళ్ళకి అంతకంటే గట్టి జవాబు లేదు: వాడికి రేపు కావాలి. చేయి తిరగని రచయిత అయితే ఇక్కడ ఆ జోకు కొట్టేసి, సీరియస్ సీను కదా అని నాలుగు నీతి వాక్యాలు పెట్టేవాడు. అప్పుడు ఆ పిల్లాడు షిన్‌చాన్ అయ్యేవాడు కాదు, రచయిత గొంతు అయ్యేవాడు.

సరే, ఇది మన రాతలో ఎలా పెట్టాలి? ఒకటి చేసి చూపిస్తాను.

కొడుకు డాలస్‌లో, నాన్న తెనాలిలో. ఆదివారం ఆదివారం వీడియో కాల్. గ్యాగ్ ఏమిటంటే స్క్రీన్ మీద ఎప్పుడూ నాన్న నుదురూ, పైన సీలింగ్ ఫ్యానూ మాత్రమే కనిపిస్తాయి. కొడుకు "నాన్నా, ఫోన్ కిందకి దించు" అంటాడు. దించితే లుంగీ కనిపిస్తుంది. పక్క నుంచి అమ్మ ఫోన్ లాక్కుని సరిగ్గా పెడుతుంది. నాలుగు ఎపిసోడ్లు దీంతో నవ్వించొచ్చు.

ఇప్పుడు కారణం వెతుకుదాం. ఎందుకు నుదురే కనిపిస్తుంది? ఫోన్‌ని మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంటాడు కాబట్టి. అంత దగ్గరగా ఎందుకు? చూపు ఆనదు, ఆపరేషన్ వాయిదా వేస్తున్నాడు, కొడుకు మొహం బాగా కనిపించాలి. చూశారా, ఇది మొదటి నుంచీ జోకులోనే ఉంది.

అయిదో ఎపిసోడ్‌లో అమ్మ పోయింది, కర్మకాండలు అయిపోయాయి, కొడుకు తిరిగి వెళ్ళిపోయాడు. మొదటి ఆదివారం కాల్. అదే నుదురు, అదే ఫ్యాను. ఫోన్ లాక్కునే చెయ్యి లేదు. ఇక్కడ తప్పు దారి ఏమిటంటే నాన్న చేత "మీ అమ్మ ఉంటే సరిగ్గా పట్టుకునేదిరా" అనిపించడం. అది చెబితే సీను మనదైపోతుంది, ప్రేక్షకుడిది కాదు. నేనైతే ఇలా రాస్తాను:

నాన్న తనే ఫోన్ దించబోతాడు. కనుబొమల దాకా వస్తుంది. ఆగిపోయి మళ్ళీ పైకి పోతుంది.
కొడుకు దించమనడు.
"నాన్నా, ఫ్యాను దుమ్ము పట్టింది. తుడిపించు."
"ఆఁ. రేపు తుడిపిస్తాలే."

నాన్న కళ్ళు ఎలా ఉన్నాయో మనం చూపించలేదు. గ్యాగ్ రూలే వాటిని దాచింది. రూలు అలాగే ఉంది, దానికి కొడుకు ఇచ్చే జవాబు ఒక్కటే మారింది. షిన్‌చాన్ సీన్‌లో కారణం బయటపెట్టారు, ఇక్కడ రూలు వెనక దాక్కోనిచ్చాం. రెండు పద్ధతులూ పనిచేస్తాయి. ఏది వాడాలన్నది పాత్రని బట్టి ఉంటుంది. నా మట్టుకు రెండోది ఎక్కువ ఇష్టం, ఖర్చు కూడా తక్కువ.

ఒక హెచ్చరిక. ఈ మందు రుచి మరిగితే ప్రతి ఎపిసోడ్ చివరా కన్నీళ్ళు పెట్టాలనిపిస్తుంది. వద్దు. ఒక గ్యాగ్ ఒక్కసారే ఏడిపించగలదు. ఏడిపించాక మళ్ళీ దాన్ని జోకుగానే వాడాలి, వీలైతే ఆ తర్వాతి సీన్‌లోనే. కెన్, చాకో ఓడిపోయి టవర్ మీద నుంచి దూకబోతుంటే వెనక నుంచి షిన్‌చాన్ "అన్యాయం!" అని అరుస్తాడు. వాళ్ళు బంగీ జంప్ ఆట ఆడుతున్నారని, తనని వదిలేసి మజా చేస్తున్నారని వాడి ఏడుపు. అదే క్షణంలో అక్కడ గూడు పెట్టుకున్న పావురం పిల్లల కోసం ఎగిరి వచ్చి వాళ్ళకి అడ్డం పడుతుంది, చాకో వెనక్కి తగ్గుతుంది. చావు, జోకు, పావురం, మూడూ ఒకే ఫ్రేములో. ఈ సీన్ ఒక్కటీ పదిసార్లు చూసినా దండగ కాదు.

ఇక ఈసారి పని. మొదట్లో పక్కన పెట్టమన్న కాగితం తీయండి. మీరు రాసిన గ్యాగ్ రూలు కింద "ఎందుకు?" అని రాసి జవాబు రాయండి. ఆ జవాబు కింద మళ్ళీ "ఎందుకు?". పాత్ర డబ్బు, ఒళ్ళు, వయసు, భయం, వీటిలో ఏదో ఒకటి తగిలే దాకా దిగండి, తగలగానే ఆపండి. ఇంకా లోతుకి పోతే సైకాలజీ పాఠం అవుతుంది. తర్వాత ఒక పేజీ సీను రాయండి. షరతు ఒక్కటే, ఆ కారణం డైలాగుల్లో ఎక్కడా వినపడకూడదు. రాశాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. మధ్యలో నవ్వి, తర్వాత కాసేపు ఏమీ అనకపోతే సీను కుదిరినట్టు. "బాగుంది, పాపం" అన్నారంటే మాత్రం ఏదో ఒక డైలాగ్ ఎక్కువైంది, వెతికి కొట్టేయండి.

వచ్చే పాఠంలో కెన్ సంగతి చూద్దాం. కెన్ కట్టిన పాతకాలపు ఊళ్ళో పరుగెడుతూ హిరోషి, ఇక్కడ ఇంత ప్రాణం లాగేస్తోందేమిట్రా అని తిట్టుకుంటూ ఏడుస్తాడు. విలన్ చెప్పేది హీరోకి కూడా సగం నిజమనిపించడం కామెడీకి ఎందుకు అవసరమో అక్కడ మాట్లాడుకుందాం. అప్పటికి సినిమా ఒకసారి పూర్తిగా చూసి ఉంటే మంచిది.