వార్డు నాయకత్వం – మూడో పాఠం: ఓటరు జాబితాతో గుమ్మం దాకా

గత పాఠంలో మీ డివిజను (నగరపాలక సంస్థలో వార్డునే అలా అంటారు) హద్దులన్నీ కాలినడకన తిరిగి, చేత్తో పటం గీసుకోమన్నాను. ఈ వారం ఆ పటంలో ఒక్క వీధి తీసుకోండి. వెంట ఓటరు జాబితా, నోటుపుస్తకం, కలం చాలు. కరపత్రాలు వద్దు.

నగరపాలక ఎన్నికల్లో పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు. కానీ విజయవాడలోని 64 డివిజన్లలో ఏ గుమ్మం ఎక్కినా పెద్దవాళ్లు ముందు అడిగేది "ఎవరి అబ్బాయివి బాబూ?" అనే. చిన్నబుచ్చుకోకండి. ఏ వీధి, ఎవరి బిడ్డ అన్నది చెప్పి జాబితా తెరవండి. "పిన్నిగారూ, మీ ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయేమో చూద్దామా?" అంటే లోపలి నుంచి కుర్చీ వస్తుంది.

స్థానిక ఎన్నికలకు వార్డు జాబితాను శాసనసభ ఓటరు జాబితా నుంచే తీస్తారు. అందులో లేని పేరు ఇక్కడా ఉండదు. ఎక్కువగా నష్టపోయేది అద్దె ఇళ్లవాళ్లు. కృష్ణలంక నుంచి సింగ్‌నగర్‌కు మారిన కుటుంబం ఓట్లు పాత చిరునామాలోనే ఉండిపోతాయి. వాళ్లచేత ఫారం 8 పెట్టించాలి. కొత్త ఓటుకు ఫారం 6. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండాలనేవారు. ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా లెక్కలోకి వచ్చాయి. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. పేరు తొలగించే ఫారం 7 జోలికి మాత్రం చెప్పుడు మాటలు విని వెళ్లకండి. ఊరు వెళ్లాడనుకున్న మనిషి పోలింగు రోజున తిరిగి వస్తే అతనికి ఏం సమాధానం చెబుతారు?

వేళ ముఖ్యం. ఆటోనగర్ పక్క వీధుల్లో నేను మొదటిసారి ఉదయం పదకొండింటికి వెళ్లాను, అన్నీ తాళాలే. పనివాళ్లు ఇల్లు చేరే చీకటివేళ వెళ్లాలని ఆ రోజు తెలిసింది.

మొగల్రాజపురం, గుణదల వంటి కొండ ప్రాంతాల్లో అయితే చిట్టచివరి మెట్టు నుంచి కిందికి రండి. కింది ఇళ్లతో మొదలుపెడితే పైకి చేరేసరికి కాళ్లూ ఓపికా రెండూ అయిపోతాయి. బిందె నీళ్లు, గ్యాస్ బండ, జ్వరంతో ఉన్న ముసలమ్మ అన్నీ ఆ మెట్లమీదుగానే మోసుకెళ్లాలి. మీరూ ఎక్కి వచ్చారని తెలిస్తే వాళ్ల మాట తీరే మారుతుంది.

"మీ సమస్యలేమిటి?" అని అడగకండి. దానికి అందరూ ఒకే జవాబు చెబుతారు. సింగ్‌నగర్‌లో "2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయమ్మా?" అని అడగండి. గోడమీద చేయి పెట్టి చూపిస్తారు. ఏం తడిసిపోయింది, ఏ సందులోకి పడవ రాలేదు, ఏ ఇంట్లో ఒంటరి పెద్దవాళ్లు ఉన్నారు అన్నవి ఆ చేయి దగ్గరే మొదలవుతాయి. వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇంటాయనతో మాట్లాడి వచ్చేయకండి. నీళ్లు పట్టే కోడలిని కూడా అడగండి.

"చేయిస్తాను" అనకండి. "కనుక్కుని గురువారం చెబుతాను" అనండి.

ఈ వారం అభ్యాసం: ఇరవై ఇళ్లు. ప్రతి ఇంటికీ ఒక పేజీ: పేర్లు, కావలసిన ఫారం, వాళ్లు చెప్పిన ఒక మాట, మీరు ఇచ్చిన తేదీ. గురువారం ఆ ఇరవై గుమ్మాలకూ తిరిగి వెళ్లండి, పని కాలేదని చెప్పడానికైనా సరే. ఆ పుస్తకాన్ని వచ్చే పాఠానికి తెచ్చుకోండి. వార్డు సచివాలయంలో అర్జీ ఎలా రాయాలో దానితోనే నేర్చుకుందాం.