సింగిల్ క్రిస్టల్ రాలేదా? పౌడర్‌తోనే సాలిడ్ స్టేట్ ఎన్ఎంఆర్‌లో స్ట్రక్చర్ తేల్చేద్దాం

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్స్-రేతో స్ట్రక్చర్ తేల్చడానికి సరిపడా క్రిస్టల్ రావట్లేదు, పౌడరే ఉంది, ఇప్పుడెలా అని. పౌడర్ చాలు, బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాలిచ్చే సిగ్నల్ చదివే ఎన్ఎంఆర్‌తో పని జరుగుతుంది. కానీ ఐఐఎస్‌సీ ఎన్ఎంఆర్ సెంటర్ లాంటి చోట స్లాట్ దొరికింది కదా అని నేరుగా మీ శాంపిల్ పెట్టేయకండి, ముందు కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పెట్టండి.

ద్రావణంలో అణువులు గిరగిరా తిరుగుతుంటాయి కాబట్టి పీకులు సన్నగా వస్తాయి, సాలిడ్‌లో ఆ తిరుగుడు లేదు, అందుకే రోటర్‌ని (శాంపిల్ నింపే చిన్న గొట్టాన్ని) మనమే అయస్కాంత క్షేత్రానికి 54.74 డిగ్రీల వాలులో తిప్పుతాం. ఆ కోణం కాస్త తప్పినా పీకులు వెడల్పైపోతాయి, ఆ తర్వాత ఎంతసేపు స్కాన్ చేసినా దండగే. కేబీఆర్‌లో బ్రోమిన్-79 సిగ్నల్ తీసి, ఎఫ్ఐడీలో (కాలంతో తగ్గిపోయే ముడి సిగ్నల్‌లో) రొటేషనల్ ఎకోలు (రోటర్ ప్రతి చుట్టుకీ వచ్చే స్పైకులు) 10 మిల్లీసెకన్ల దాకా నిలబడేట్టు యాంగిల్ సరిచేయండి, ఇక్కడ తొందరపడొద్దు. తర్వాత అడమాంటేన్‌తో షిమ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం), పీకుల స్థానాలకి రిఫరెన్స్ (ఎడమ పీకు 38.48 పీపీఎం), గ్లైసీన్‌తో సీపీ (క్రాస్ పోలరైజేషన్, అంటే ప్రోటాన్ల సిగ్నల్ బలాన్ని కార్బన్లకి మళ్లించడం) సెట్ చేసుకోండి.

ఇక మీ శాంపిల్. రోటర్‌లో సమంగా కూరాలి, లేకపోతే స్పిన్ కాదు, అలాగని బాగా నూరేస్తే కొన్ని మందుల్లో పాలిమార్ఫే (అణువులు పేర్చుకున్న క్రిస్టల్ రూపమే) మారిపోతుంది, జాగ్రత్త. కార్బన్-13 ప్రకృతిలో 1.1 శాతమే, అందుకే ప్రోటాన్ల నుంచి సీపీతో బలం తెచ్చుకుంటాం, కాంటాక్ట్ టైమ్ (ఆ బదిలీకిచ్చే సమయం) 1-2 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. కానీ సీపీలో పీకు ఏరియా చూసి కార్బన్లు లెక్కపెట్టకండి, ప్రోటాన్ దగ్గరలేని కార్బన్ చిన్నగానే కనిపిస్తుంది.

400 మెగాహెర్ట్జ్ మెషీన్‌లో 10 కిలోహెర్ట్జ్ స్పీడ్ పెడితే ప్రతి 100 పీపీఎంకి ఒక సైడ్‌బ్యాండ్ (తిప్పడం వల్ల వచ్చే అదనపు పీకు) వస్తుంది, కార్బనైల్స్‌కి (ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఉన్న కార్బన్లకి) మరీను. స్పీడ్ 12కి మార్చి ఇంకోసారి తీయండి, జరిగినవి సైడ్‌బ్యాండ్లు, కదలనివి అసలు పీకులు. ఒకే కార్బన్‌కి రెండు పీకులొస్తే అసిమెట్రిక్ యూనిట్‌లో (సిమెట్రీతో క్రిస్టల్ మొత్తాన్నీ కట్టే కనీస భాగంలో) రెండు అణువులుండొచ్చు, లేదా రెండు పాలిమార్ఫ్‌లు కలిసుండొచ్చు, పౌడర్ ఎక్స్ఆర్‌డీతో (ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో) సరిచూసుకోండి.

పరమాణువుల మధ్య దూరాలు కావాలంటే రెడార్ (REDOR) అనే ఎన్ఎంఆర్ ప్రయోగం. రెండు కేంద్రకాల మధ్య అయస్కాంత కప్లింగ్, దూరం పెరిగేకొద్దీ దాని ఘనంతో తగ్గిపోతుంది కాబట్టి కార్బన్-నైట్రోజన్ మధ్య సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా బాగానే కొలవొచ్చు, నైట్రోజన్-15 ఉండేది 0.37 శాతమే, లేబులింగ్‌కి (ఆ ఐసోటోప్‌తో శాంపిల్ తయారుచేయడానికి) గైడ్‌ని ముందే ఒప్పించుకోండి.

చివర్లో క్రిస్టల్ స్ట్రక్చర్ ప్రిడిక్షన్ (కంప్యూటర్‌తో సాధ్యమైన స్ట్రక్చర్లు ఊహించడం) ఇచ్చిన క్యాండిడేట్లకి గైపా (GIPAW) అనే క్వాంటమ్ లెక్కల పద్ధతితో షిఫ్టులు (పీకుల స్థానాలు) లెక్కేసి, మీరు కొలిచినవాటితో పోల్చండి. ప్రోటాన్ షిఫ్టుల తేడా సగటున 0.3 పీపీఎం దగ్గర్లో ఉన్నవి ఉంచుకోండి, బాగా దాటినవి తీసేయండి, ఇంకా రెండు మిగిలితే ఆ రెంటిలో ఏ దూరం వేరుగా ఉందో చూసి దాన్నొక్కటే రెడార్‌తో కొలవండి.