మన సెనేట్ సీటును చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఓటు లేనివాళ్లూ లెక్కలో ఉన్నారు

పోయిన పాఠంలో అమెరికాలో మన ఇంటి అడ్రసును బట్టి మీరు ఏ రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నారో కనుక్కోవడం నేర్చుకున్నాం. ఆ నంబరును ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. క్యాలిక్యులేటర్ కూడా దగ్గర ఉంచుకోండి. ఈ పాఠంలో ఆ సీటు వెనక ఎంతమంది మనుషులున్నారో, వాళ్లలో ఎవరిని లెక్కపెట్టారో చూడబోతున్నాం.

డిస్ట్రిక్ట్ అన్నాం కదా అని జిల్లా అనుకోవద్దు. మన జిల్లాకు దగ్గరగా ఉండేది ఇక్కడి కౌంటీ. సెనేట్ డిస్ట్రిక్ట్ అంటే నియోజకవర్గం. అలాగే రాష్ట్ర సెనేట్‌ను మన శాసన మండలితో పోల్చడం కూడా పొరపాటే. మండలికి ఎమ్మెల్యేలు, స్థానిక సంస్థలు, పట్టభద్రులు, టీచర్లు సభ్యులను ఎన్నుకుంటారు, కొందరిని గవర్నర్ నామినేట్ చేస్తారు. అమెరికాలో రాష్ట్ర సెనేటర్‌ను నియోజకవర్గంలోని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు.

ముందు ఒక భాగహారం

వర్జీనియాను తీసుకుందాం. 2020 సెన్సస్ ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 86,31,393. సెనేటర్లు 40 మంది. భాగిస్తే ఒక్కో సీటుకు సుమారు 2,15,785 మంది వస్తారు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు టెక్సాస్. జనాభా 2,91,45,505, సెనేటర్లు 31 మంది. ఒక్కొక్కరికి దాదాపు 9,40,000 మంది. అదే రాష్ట్రం నుంచి వాషింగ్టన్‌లోని కాంగ్రెస్‌కు, అంటే దేశ పార్లమెంటుకు, ప్రతినిధుల సభ సభ్యులుగా వెళ్లేది 38 మంది, అంటే ఒక్కొక్కరికి 7,67,000 మంది. టెక్సాస్‌లో రాష్ట్ర సెనేటర్ వెనక కాంగ్రెస్ సభ్యుడి కంటే ఎక్కువ జనం ఉన్నారన్నమాట. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్లీ వేసి చూశాను. అంత పెద్ద సీటులో ఎవరు గెలిచారో మనలో చాలామందికి తెలియదు. ఆ మాట నన్ను బాధపెడుతుంది, ఈ పాఠాలు రాయడానికి అదే కారణం.

ఈ భాగహారం ఎప్పటినుంచో ఉన్నది కాదు. అరవై ఏళ్ల కిందటి అలబామాలో ఒక్కో కౌంటీకి ఒక్కో సెనేటర్ చొప్పున నడిచిన చోట్లు ఉండేవి. 1960లో జెఫర్సన్ కౌంటీ జనాభా 6,34,864. లౌండ్స్ కౌంటీ జనాభా 15,417. రెండింటికీ చెరొక సెనేటరే. మొదటి అంకెను రెండో అంకెతో మీరే భాగించి చూడండి, 41 వస్తుంది. లౌండ్స్‌లో ఒక మనిషికి ఉన్న బరువు జెఫర్సన్‌లో 41 మందికి కలిపి ఉందన్నమాట. లౌండ్స్‌లో ఎక్కువమంది నల్లజాతివాళ్లే అయినా వాళ్లను ఓటు వేయనిచ్చేవారు కాదు కాబట్టి, ఆ బరువంతా కొద్దిమంది తెల్లవాళ్ల చేతిలో ఉండేది. 1964లో రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. శాసనసభ్యులు మనుషులకు ప్రతినిధులు, చెట్లకూ ఎకరాలకూ కాదని చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ రాశారు. అప్పటినుంచి రాష్ట్ర సెనేట్ సీట్లలోనూ జనాభా దాదాపు సమానంగా ఉండాలి.

ఆ జనాభాలో మనం ఉన్నామా?

2010లో సెన్సస్ ఫారం ఇంటికి వచ్చినప్పుడు నేను హెచ్1బీ మీద ఉన్నాను. మనం ఈ దేశ పౌరులం కాదు కదా, మనకెందుకని డ్రాయర్‌లో పడేశాను. కొన్ని వారాల తర్వాత సెన్సస్ ఉద్యోగిని ఒకావిడ తలుపు తట్టి, ఓపిగ్గా అన్నీ అడిగి రాసుకుని వెళ్లింది. వీసా సంగతి ఆవిడ అడగనే లేదు. ఎందుకు అడగలేదో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అడగనవసరం లేదు కాబట్టి అడగలేదు. సెన్సస్ లెక్కపెట్టేది ఇక్కడ కాపురం ఉంటున్న మనుషులను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, హెచ్4 మీద ఉన్న భార్య లేదా భర్త, ఎఫ్1 విద్యార్థులు, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటున్న అమ్మానాన్నలు, ఉయ్యాలలోని పసిపాప అందరూ లెక్కలోకి వస్తారు. పురిటికని విజిటర్ వీసా మీద కొన్ని నెలలకు వచ్చిన అత్తగారు రారు, ఆవిడ ఇల్లు ఇండియాలోనే ఉంది కాబట్టి.

దీన్ని టెక్సాస్‌లో ఇద్దరు ఓటర్లు కోర్టులో సవాలు చేశారు. రాష్ట్ర సెనేట్ సీట్లను మొత్తం జనాభాను బట్టి కాకుండా ఓటు హక్కున్నవాళ్ల సంఖ్యను బట్టి గీయాలని వాళ్ల వాదన. అదే ఎవెన్‌వెల్ వర్సెస్ ఎబాట్ కేసు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులోని ఎనిమిది మంది జడ్జీలూ ఆ వాదనను తోసిపుచ్చారు. ఓటున్నా లేకపోయినా అక్కడ నివసించే అందరికీ ఆ సభ్యుడు ప్రతినిధే అనే అర్థంతో జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు. అయితే ఒక రాష్ట్రం తనంతట తాను ఓటర్ల లెక్కతోనే గీయాలనుకుంటే కుదురుతుందా అన్న ప్రశ్నను కోర్టు అప్పటికి వదిలేసింది. మనం కనిపెట్టుకుని ఉండాల్సిన ప్రశ్న అది.

వర్జీనియాలోని లౌడన్ కౌంటీ సంగతి చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 2010లో అక్కడి జనాభా 3,12,311. 2020లో 4,20,959. పెరిగింది 1,08,648. మన 2,15,785తో పోల్చండి, దాదాపు సగం సీటు! యాష్‌బర్న్, బ్రాంబుల్‌టన్ వైపు కొత్తగా కాపురం పెట్టిన మన కుటుంబాలు కూడా ఆ సగంలో ఉన్నాయి, ఓటు లేనివాళ్లతో సహా.

కాబట్టి మీకు ఓటు లేకపోయినా మీ సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. ఏ పనికి చేయాలో మాత్రం తెలుసుకుని చేయండి. వీసా, గ్రీన్ కార్డు కేంద్రం చేతిలో ఉన్నవి, వాటికి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ఉంది. డ్రైవింగ్ లైసెన్సులు చూసే డీఎంవీ సేవలు, రోడ్లు, స్కూళ్లకు రాష్ట్రం ఇచ్చే నిధులు, యూనివర్సిటీలో ఆ రాష్ట్రంవాళ్లకు ఉండే ఇన్-స్టేట్ ఫీజు లాంటివి రాష్ట్ర సెనేటర్‌ను అడగాలి.

సీటు మధ్యలో ఖాళీ అయితే

లౌడన్‌లోని 32వ సీటునే చూద్దాం. 2023 నవంబరులో సుహాస్ సుబ్రమణ్యం అక్కడ గెలిచారు. ఏడాదికే ఆయన కాంగ్రెస్‌కు ఎన్నికవడంతో సెనేట్ సీటు ఖాళీ అయింది. దానికి రాష్ట్ర దిగువ సభ సభ్యుడు (డెలిగేట్) కణ్ణన్ శ్రీనివాసన్ పోటీకి దిగారు, దాంతో ఆ సభలో ఆయన 26వ సీటుకు కూడా ఉపఎన్నిక వచ్చింది. రెండూ 2025 జనవరి 7నే జరిగాయి. పండగ సెలవులు అప్పుడే అయ్యాయి, ముందురోజే మంచు కురిసింది, చాలామంది ఎన్నిక ఉందనే గుర్తుపెట్టుకోలేదు.

సీటు ఖాళీ కాకముందు సెనేట్‌లో డెమోక్రాట్లు 21, రిపబ్లికన్లు 19. ఆ ఒక్క సీటు చేతులు మారితే 20-20 అయ్యేది. ఓట్లు సమానమైతే వర్జీనియాలో నిర్ణాయక ఓటు లెఫ్టినెంట్ గవర్నర్‌ది, అప్పుడా పదవిలో ఉన్నది రిపబ్లికన్. శ్రీనివాసన్ గెలవడంతో 21-19 అలాగే నిలిచింది. ఆ నిర్ణాయక ఓటున్న పదవికే 2025 నవంబరులో గజాలా హష్మీ ఎన్నికయ్యారు. ఆమె హైదరాబాద్‌లో పుట్టారు, 2019లో రిచ్‌మండ్ వైపు 10వ సీటు నుంచి తొలిసారి సెనేట్‌కు వచ్చారు.

ఇంటి పని

మీ రాష్ట్రానికి 2020 సెన్సస్ జనాభా, సెనేట్ సీట్ల సంఖ్య రాసుకుని భాగించండి. న్యూజెర్సీ వాళ్లకు సాయం: 92,88,994 జనాభా, 40 సీట్లు. తర్వాత గత ఎన్నికలో మీ సీటులో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఎన్నికల శాఖ వెబ్‌సైట్‌లో చూసి పక్కన రాయండి. రెండింటికీ మధ్య తేడాలో పిల్లలెవరు, పౌరసత్వం లేనివాళ్లెవరు, ఓటుండీ వేయనివాళ్లెవరు అని ఒక అంచనా వేసుకోండి. వచ్చే పాఠంలో పోలింగ్ కేంద్రాలవారీ ఫలితాలు చదవడానికి ఈ కాగితం కావాలి.